గబ్రియేలు అతిదూత తంతికి పాలకుడా, పత్రికకు పాలకుడా?

విచారణ_పత్రిక:
సభ్యులందరికీ నమస్కారం. ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవానికి మా విచారణ (స్థానిక కతోలిక సంఘం) తరఫున వెలువడే పత్రికలో ఒక పుటను పునీత గబ్రియేలు అతిదూతకు కేటాయించాలని మా గురువులు కోరారు. చిత్రం కింద "సమాచార మాధ్యమాల పాలక పునీతులు" (అంటే ఆ రంగంవారు ఆదర్శంగా తలచి ప్రార్థన సహాయం కోరే పునీతులు) అని వ్రాసి అచ్చుకు పంపబోతుండగా సంపాదకవర్గంలోని ఒక ఉపాధ్యాయురాలు అభ్యంతరం చెప్పారు. పత్రికా రచయితలకు ఫ్రాన్సిస్ ద సేల్స్ గారు, టెలివిజనుకు క్లారా గారు పాలకులుగా ఉండగా, మాధ్యమాలన్నిటినీ గబ్రియేలు గారికి ఎలా అప్పగిస్తామని ఆమె ప్రశ్న. శ్రీసభ (కతోలిక క్రైస్తవ సభ) అధికారికంగా ఏమి ప్రకటించిందో, ఆ ఎంపిక వెనుక ఉన్న ఆలోచన ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ఉపదేశి:
మీ సంపాదకవర్గ సభ్యురాలి అభ్యంతరం సహేతుకమైనదే. 12వ పయస్ పోపు గారు 1951 జనవరి 12న వెలువరించిన లేఖలో గబ్రియేలు అతిదూతను దూరసమాచార కళలకు, ఆ వృత్తులలో పనిచేసేవారికి పరలోక పాలకునిగా ప్రకటించారు. ఆ లేఖ దృష్టిలో ఉన్నవి టెలిగ్రాఫు, టెలిఫోను, రేడియో, టెలివిజను. అంటే విద్యుచ్ఛక్తి సాయంతో మాటను, దృశ్యాన్ని దూరానికి చేరవేసే పనులు. అప్పటికి ఇటలీలో టెలివిజను ప్రసారాలు క్రమబద్ధంగా మొదలే కాలేదు, అవి 1954 జనవరిలో వచ్చాయి. వాటికన్ రేడియో మాత్రం 20 సంవత్సరాలుగా పనిచేస్తూ ఉంది. మార్కోని స్వయంగా నిర్మాణాన్ని పర్యవేక్షించిన ఆ కేంద్రం నుంచి 1931 ఫిబ్రవరి 12న 11వ పయస్ పోపు గారు లాటిను భాషలో తొలిసారి ప్రపంచాన్ని ఉద్దేశించి మాట్లాడారు. కాబట్టి 1951 నాటి ప్రకటనను యంత్రాలను చూసి ఆశ్చర్యపడిన వారి మాటగా తీసుకోనక్కరలేదు, వాటిని రెండు దశాబ్దాలు వాడి చూసిన సంస్థ చేసిన ప్రకటన అది.

పత్రికా రచయితల సంగతి అంతకు ముందే తేలింది. ఫ్రాన్సిస్ ద సేల్స్ గారు మరణించి 300 సంవత్సరాలు నిండిన సందర్భంలో, 1923 జనవరి 26న 11వ పయస్ పోపు గారు విశ్వలేఖ ద్వారా ఆయనను కతోలిక రచయితలకు, పాత్రికేయులకు పాలకునిగా నిలిపారు. అస్సీసీ క్లారా గారిని టెలివిజనుకు పాలకురాలిగా చేసినది మళ్లీ 12వ పయస్ గారే, 1950ల చివరి సంవత్సరాలలో. అనారోగ్యంతో మంచం దిగలేకపోయిన క్లారా గారు క్రిస్మసు రాత్రి దూరాన దేవాలయంలో జరుగుతున్న ఆరాధనను తన గదిలో నుంచే కన్నారని, విన్నారని చెప్పే కథనం దానికి ఆధారం. ఈ మూడింటినీ కలిపి చూస్తే గబ్రియేలు గారి పరిధి ప్రధానంగా చేరవేతకు సంబంధించినదని తెలుస్తుంది. వార్త వ్రాసేవారికి వేరే పునీతుడు ఉన్నారు. "మాధ్యమాల పాలకుడు" అనేది తరువాత వాడుకలో విస్తరించిన మాట.

వాక్యపాఠకుడు:
నేను లూథరన్ సంఘంలో పెరిగినవాడిని, వాదించే ఉద్దేశంతో కాక తెలుసుకోవాలని అడుగుతున్నాను. బైబిలులో గబ్రియేలు దానియేలు గ్రంథంలో రెండు చోట్ల, లూకా సువార్త మొదటి అధ్యాయంలో రెండు సందర్భాలలో కనిపిస్తాడు. ఈ నాలుగింటిలో ఎక్కడా అతనిని ప్రధానదూత (మీరు అతిదూత అనేది) అని పిలవలేదు. యూదా వ్రాసిన పత్రికలో ఆ బిరుదు మిఖాయేలుకు ఒక్కరికే ఉంది. అటువంటప్పుడు మీరు గబ్రియేలును అతిదూత అనడానికి ఆధారం ఏమిటి? పైగా దేవదూతలకు ఒక్కొక్క శాఖను అప్పగించడం మొదలుపెడితే దానికి అంతు ఎక్కడ ఉంటుంది?

ఉపదేశి:
వాక్యపాఠకుడు గారు చెప్పిన వచనాల లెక్క సరైనదే. కతోలికులు అంగీకరించే తోబితు గ్రంథంలో రఫాయేలు తాను ప్రభువు సన్నిధిలో నిలిచే ఏడుగురు దూతలలో ఒకడినని చెప్పుకుంటాడు. లూకా సువార్తలో గబ్రియేలు కూడా జెకర్యాతో తాను దేవుని సన్నిధిలో నిలుచువాడినని అంటాడు. సంప్రదాయం ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చదువుకుంది. తోబితు గ్రంథాన్ని మీ సంఘాలు ప్రామాణిక గ్రంథాలలో చేర్చవు కనుక ఈ ఆధారం మీకు బలంగా తోచకపోవడం సహజం.

అంతు ఎక్కడ అన్న ప్రశ్న శ్రీసభకు కూడా పాతదే. 745లో రోములో జరిగిన సభ ఎవరెవరో కల్పించిన దేవదూతల పేర్లతో ప్రార్థించడాన్ని ఖండించింది. 2001లో వాటికన్ విడుదల చేసిన భక్తి ఆచారాల మార్గదర్శిని కూడా మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు మినహా దేవదూతలకు పేర్లు పెట్టే అలవాటును ప్రోత్సహించరాదని చెప్పింది. పాలకత్వం అంటే శాఖల పంపకం అని నేను అనుకోను. ఒక వృత్తిలో ఉన్నవారు ఎవరి నడవడిని కళ్ల ముందు పెట్టుకోవాలో, ఎవరి ప్రార్థన సహాయం కోరుకోవాలో చూపించడం దాని ఉద్దేశం.

తంతి_తీగ:
నేను తంతి శాఖలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని, మతరీత్యా హిందువును. ఉపదేశి గారి చివరి వాక్యం చదివిన తరువాత మా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1885 నాటి భారత టెలిగ్రాఫు చట్టంలో 26వ సెక్షను మా వంటి వారి కోసమే ఉండేది. తంతి ఉద్యోగి ఎవరైనా సందేశాన్ని మార్చినా, దాచినా, దానిలోని విషయాన్ని సంబంధం లేనివారికి చెప్పినా మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చు. ఊరిలో ఎవరి ఇంట మరణం జరిగిందో ఆ ఇంటివారి కంటే ముందు మాకు తెలిసేది, అయినా కాగితం వారి చేతికి అందేవరకు నోరు విప్పకూడదు. పల్లెలలో తంతి వచ్చిందన్న మాట వినగానే, విప్పి చదవకముందే ఆడవారు శోకాలు పెట్టేవారు. దానిలో ఉన్నది మనుమడు పుట్టిన కబురని చెప్పి ఓదార్చాలని బట్వాడా చేసేవారికి ఎంత అనిపించినా నియమం ఒప్పుకోదు. మాటకు ఇంత అని రుసుము కట్టేవారు కనుక జనం మాటలను కుదించేవారు, అలా కుదించడంలో వాక్యం తప్పు అర్థం ఇచ్చేలా ఉందని మాకు అనిపించినా పంపినవారిని అడగకుండా ఒక్క అక్షరం కలిపే అధికారం మాకు లేదు. తంతి సేవ 2013 జూలైలో ముగిసింది, ఆ పాత చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. గబ్రియేలు గారిని ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, మా 26వ సెక్షను చదివితే చాలునని నేను అంటాను.

మూడో_కాలమ్:
తంతి_తీగ గారి మాటలను గౌరవిస్తూనే, పత్రికా రంగంలో ఉన్నవాడిగా నా ఇబ్బంది చెప్పాలి. ఇచ్చినది ఇచ్చినట్టు చేరవేయడం తంతి ఉద్యోగికి ధర్మం. అదే పని విలేకరి చేస్తే అతనిని అధికారుల పౌరసంబంధాల మనిషి అంటారు. మంత్రి గారు చెప్పినది మార్చకుండా అచ్చువేయడం గొప్ప కాదు, అది నిజమా అని అడగడం మా పని. లూకా సువార్తలో అడిగినవాడికి ఏమి జరిగిందో చూడండి. ముసలితనంలో బిడ్డ పుడతాడన్న మాటను ఎలా నమ్మాలని జెకర్యా అడిగితే, గబ్రియేలు అతని నోరు మూయించి వెళ్లిపోయాడు. ప్రశ్న వేసినందుకు మూగతనం విధించే దూత మాకు పాలకుడు అంటే ఒప్పుకోవడం కష్టం. మాకు ఫ్రాన్సిస్ ద సేల్స్ గారే తగినవారు. ఆయన షాబ్లే ప్రాంతంలో తన ఉపన్యాసాలు వినడానికి జనం రాకపోతే కరపత్రాలు వ్రాసి, ప్రతులు తీయించి, ఇళ్ల తలుపుల కింద నుంచి లోపలికి తోయించారట. ప్రత్యర్థి వాదాన్ని చదివి, దానికి సమాధానం వ్రాసిన మనిషి ఆయన.

విశాఖ_తీరం:
మూడో_కాలమ్ గారు ఫ్రాన్సిస్ ద సేల్స్ గారి పేరు ఎత్తారు కనుక ఒక చిన్న విషయం. ఆయన పేరిట ఫ్రాన్సులోని ఆనెసీ పట్టణంలో ఏర్పడిన మిషనరీల సభ నుంచి తొలి బృందం 1846లో విశాఖపట్నం చేరింది. ఉత్తరాంధ్ర కతోలిక విచారణలలో చాలావాటి చరిత్ర వారితోనే మొదలవుతుంది. పాత్రికేయుల పాలకుడు తెలుగునాటికి కొత్తవాడు ఏమీ కాడని చెప్పడానికే వ్రాశాను.

ఉపదేశి:
మూడో_కాలమ్ గారు జెకర్యా దగ్గర ఆగిపోయారు. అదే అధ్యాయంలో కొద్ది వచనాల తరువాత, అదే దూతను నజరేతులో ఒక యువతి దాదాపు అదే ప్రశ్న అడుగుతుంది. తాను పురుషుని ఎరుగను కదా, ఇది ఎలా జరుగుతుందని మరియమ్మ అడిగినప్పుడు గబ్రియేలు ఆమెను మందలించలేదు. ఎలా జరుగుతుందో వివరించాడు. అంతటితో ఆగక, బంధువు, జెకర్యా భార్య అయిన ఎలిజబేతమ్మ ముసలితనంలో గర్భవతి అయి ఆరవ నెలలో ఉందని, పోయి స్వయంగా చూసుకోదగిన ఒక నిదర్శనాన్ని కూడా ఇచ్చాడు. మరియమ్మ త్వరపడి కొండసీమకు ప్రయాణమై వెళ్లి చూసింది కూడా. వార్తను సరిచూసుకునే వీలు వార్తతోపాటే ఇవ్వడం మీ వృత్తిలో చిన్న విషయం కాదనుకుంటాను.

రెండు ప్రశ్నలకు రెండు రకాల జవాబులు ఎందుకు వచ్చాయని వ్యాఖ్యాతలు ఎంతో వ్రాశారు. జెకర్యా యాజకుడు, ముసలితనంలో బిడ్డను కన్న అబ్రాహాము సారాల కథ ఎరిగినవాడు, ధూపం వేస్తూ దేవాలయం లోపల ఉన్నవాడు. అతడు అడిగినది వివరణ కోసం కాక హామీ కోసం అని ఎక్కువమంది చెప్పే సమాధానం. నాకు ఆసక్తి కలిగించేది దాని తరువాతి ఘట్టం. బిడ్డకు పేరు పెట్టే వేళ మాట రాని జెకర్యా పలక అడిగి తెప్పించుకుని, అతని పేరు యోహాను అని వ్రాస్తాడు. ఆ వెంటనే అతని నోరు తెరుచుకుంటుంది.

రంగురేఖ:
నేను చిత్రలేఖనం బోధిస్తాను. ఈ ప్రశ్న మీద చిత్రకారులు చెప్పినది కూడా చూడాలి. ఫ్రా ఆంజెలికో 1430లలో కొర్తోనా పట్టణం కోసం చిత్రించిన మంగళవార్త (దూత మరియమ్మకు వార్త తెలిపిన ఘట్టం) ఫలకంలో గబ్రియేలు నోటి నుంచి బంగారు అక్షరాలు మరియమ్మ వైపు సాగుతాయి. అంతవరకు ఎవరైనా ఊహించగలిగినదే. మరియమ్మ ఇచ్చే సమాధానం మాత్రం అదే బంగారు అక్షరాలలో తలకిందులుగా, ఆమె నుంచి దూత వైపు వ్రాసి ఉంటుంది. ఇంచుమించు అదే కాలంలో ఫ్లాండర్సులో యాన్ వాన్ ఐక్ గీసిన మంగళవార్త చిత్రం ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దానిలోనూ ఆమె మాటలు తలకిందులుగానే ఉంటాయి. ఆ జవాబు చదవవలసినవారు పైన ఉన్నారు కనుక అలా వ్రాశారని కళాచరిత్రకారులు వివరిస్తారు.

అంటే ఆ చిత్రకారుల దృష్టిలో మంగళవార్త పై నుంచి కిందికి వచ్చి ముగిసిన ప్రకటన కాదు, జవాబు తిరిగి పైకి చేరవలసిన సంభాషణ. లూకా కూడా మరియమ్మ సమ్మతి తెలిపిన తరువాతనే దూత ఆమెను విడిచి వెళ్లాడని వ్రాశాడు. విచారణ_పత్రిక గారు చిత్రం వేయదలచుకుంటే రేడియో స్తంభం పక్కన రెక్కలున్న దూతను నిలబెట్టిన ఆధునిక బొమ్మల కంటే కొర్తోనా చిత్రాన్ని వేయమని నా సలహా. ఆ అక్షరాలు కనబడేలా పెద్దదిగా వేయండి, లేకపోతే వేసి ప్రయోజనం లేదు.

కర్నూలు_కలం:
ఇస్లాం సంప్రదాయంలో ఇదే దూతను మేము జిబ్రీల్ అలైహిస్సలాం అంటాము. హిరా గుహలో మొదలై ఇంచుమించు 23 సంవత్సరాల పాటు ఖుర్ఆన్ వచనాలు ప్రవక్త గారికి ఆయన ద్వారానే అందాయని మా విశ్వాసం. తంతి_తీగ గారు చెప్పిన నమ్మకం మాటకు మా దగ్గర సరిగ్గా సరిపోయే బిరుదు ఉంది. ఖుర్ఆన్ ఆయనను విశ్వసనీయమైన ఆత్మ అని వర్ణిస్తుంది. వృత్తులకు పాలకులను నియమించే పద్ధతి మాకు లేదు, అయినా సందేశం తెచ్చేవానిలో మొదట చూడవలసిన గుణం ఏదన్న విషయంలో రెండు సంప్రదాయాలు ఒకేచోట నిలుస్తున్నాయి.

డబ్లిన్_తెలుగు:
ఐర్లాండులో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ప్రభుత్వ రేడియోలో ప్రతిరోజూ మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 6 గంటలకు గంట మోగుతుంది. మన విచారణలలో త్రికాల జపం అంటామే, దానికి పిలిచే గంట అది. ప్రభువు దూత మరియమ్మకు వార్త తెలిపిన ఘట్టంతోనే ఆ జపం మొదలవుతుంది కదా. ఈ ప్రసారం 1950 ఆగస్టు 15న, మరియమ్మ మోక్షారోపణ పండుగనాడు మొదలైంది. ఉపదేశి గారు చెప్పిన 1951 జనవరి ప్రకటనకు అయిదు నెలల ముందన్నమాట. ఒకటి మరొకదానికి కారణం అని నేను అనడం లేదు, ఆ కాలంలో రేడియోను శ్రీసభ ఎంత దగ్గరగా చూసేదో అర్థం కావడానికి మాత్రం ఇది పనికివస్తుంది. టెలివిజనులో 1960ల నుంచి సాయంత్రం గంట వస్తోంది. ఇప్పుడు తెరమీద మతచిహ్నాల కంటే ఎక్కువగా, పని మధ్యలో ఒక క్షణం ఆగిన మామూలు మనుషులు కనిపిస్తారు. దీనిని తీసివేయాలని వాదించేవారు ఇక్కడ ఉన్నారు, ఉంచాలనేవారిలో మతం పట్టింపు లేనివారు కూడా ఉన్నారు.

కొత్త_తరం:
ఇంటర్నెటుకు పాలకుడు సెవిల్ నగరపు ఇసిదోరు గారు అని ఎన్నో చోట్ల చదివాను. కొందరు కార్లో అకూతిస్ గారి పేరు చెబుతున్నారు. ఇంతమంది ఉండగా ఫోను పట్టుకున్నవాడు ఎవరిని తలచుకోవాలి?

ఉపదేశి:
ఇసిదోరు గారు 636లో మరణించిన మేత్రాణులు (బిషప్పు). తన కాలానికి తెలిసిన విషయాలన్నిటినీ 20 సంపుటాల విజ్ఞాన సర్వస్వంగా కూర్చినందుకు ఆయన పేరు ఇంటర్నెటుకు ప్రచారంలోకి వచ్చింది, అయితే దానికి పోపు గారి ప్రకటన ఏదీ లేదు. కార్లో అకూతిస్ గారు 15 సంవత్సరాల వయసులో 2006లో మరణించారు, 14వ లియో పోపు గారు 2025 సెప్టెంబరు 7న ఆయనను పునీతునిగా ప్రకటించారు. దివ్యసత్ప్రసాద (పూజలో పవిత్రపరచే అప్పద్రాక్షరసాల) అద్భుతాలను వెబ్‌సైటులో పొందుపరచిన యువకుడు కనుక యువతరం ఆయనను తమవాడిగా భావిస్తోంది. అది అభిమానం, ప్రకటన వేరు. మీ చేతిలోని ఫోను దూరానికి మాటను చేరవేసే సాధనమే కనుక, 1951 నాటి లేఖ దానికి వర్తించదని ఎవరూ అనలేరు.

మూడో_కాలమ్:
ఎలిజబేతమ్మ సంగతి నేను ఆ కోణంలో చదవలేదు. ఆ ఒక్క విషయంలో ఉపదేశి గారి వాదానికి బలం ఉందని ఒప్పుకుంటాను. ఫ్రాన్సిస్ పోపు గారి 2018 సమాచార దినోత్సవ సందేశం కూడా నాకు గుర్తుకు వస్తోంది. అబద్ధపు వార్తల గురించి వ్రాస్తూ ఆయన ఆదికాండంలోని సర్పాన్ని ఉదాహరించారు. సర్పం హవ్వతో పూర్తి అబద్ధంతో మొదలుపెట్టదు. దేవుడు ఒక్క చెట్టు గురించి చెప్పిన మాటను అన్ని చెట్లకూ వర్తించేలా సాగదీసి, ఆ తప్పును ఆమె చేతనే దిద్దించి, తన మాట వినే స్థితికి తెస్తుంది. ఈనాడు వాట్సాపులో తిరిగే వార్తలు సరిగ్గా అలాగే మొదలవుతాయి.

హవ్వను, మరియమ్మను ఎదురెదురుగా పెట్టి చూడడం రెండవ శతాబ్దం నాటి జస్టిను, ఇరెనేయుల నుంచి ఉన్నదే. వారు ఇద్దరు స్త్రీల గురించి మాట్లాడారు. వృత్తిరీత్యా నా చూపు వారి దగ్గరకు వచ్చిన ఇద్దరు వార్తాహరుల మీద పడుతోంది. ఒకరు తనను ఎవరు పంపారో చెప్పరు. గబ్రియేలు జెకర్యాకు తన పేరు, తాను నిలిచే చోటు, తనను పంపిన పని స్పష్టంగా చెబుతాడు. పేరు లేని వర్గాల కథనం ప్రకారం అని వ్రాసి బతికే మాకు ఇది గుచ్చుకునే విషయమే. అయినా పాత్రికేయుల పాలకుడు అనే మాట ఫ్రాన్సిస్ ద సేల్స్ గారికే ఉండాలన్న నా అభిప్రాయం మారలేదు.

వాక్యపాఠకుడు:
ఉపదేశి గారి వివరణకు కృతజ్ఞతలు. పునీతుల ప్రార్థన సహాయం కోరడం విషయంలో మన మధ్య భేదం అలాగే ఉంటుంది. గబ్రియేలు నడవడిని వృత్తికి ఆదర్శంగా చూపడానికి మాత్రం మా సంఘంలోనూ అభ్యంతరం ఉండదు, ఆ మాట మేము వేదిక మీద నుంచే బోధించవచ్చు. ఒక సందేహం. కాజీపేటలోని సెయింట్ గాబ్రియేల్స్ పాఠశాల పేరు ఈ దూతదేనా?

ఉపదేశి:
అవును, కొంచెం చుట్టుతిరుగుడుగా. ఆ పాఠశాలను నడిపే మోన్‌ఫోర్ సహోదరుల సభను 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పునర్నిర్మించిన గురువు పేరు గబ్రియేల్ దెహాయ్. ఆయన నామపునీతుడైన అతిదూత పేరును ఆ సభ స్వీకరించింది. ఆ గురువు, ఆయన సహోదరులు చెవిటి, మూగ పిల్లల పాఠశాలలకు ప్రత్యేకంగా శ్రమించారు. జెకర్యా పలక కథ చదివినప్పుడు నాకు వారు గుర్తుకు వస్తారు.

విచారణ_పత్రిక:
అందరికీ కృతజ్ఞతలు. సంపాదకవర్గంలో చర్చించి, చిత్రం కింద "దూరసమాచార రంగానికి పాలకులు పునీత గబ్రియేలు అతిదూత, 12వ పయస్ పోపు గారి ప్రకటన, 1951" అని వేయడానికి నిర్ణయించాము. పక్క పుటలో ఫ్రాన్సిస్ ద సేల్స్ గారి గురించి విశాఖ సంబంధంతో సహా ఒక వ్యాసం వస్తుంది. రంగురేఖ గారు సూచించిన కొర్తోనా చిత్రం సగం పుట ఆక్రమిస్తుంది, తంతి_తీగ గారి అనుమతి ఉంటే 26వ సెక్షను గురించిన భాగాన్ని ఆయన పేరు లేకుండా పెట్టెలో వేసుకుంటాము. మిగిలిన సందేహం ఒక్కటే. మా ఇంట్లోని పాత ప్రార్థన పుస్తకంలో గబ్రియేలు గారి పండుగ మార్చి 24 అని ఉంది, దేవాలయ క్యాలెండరులో సెప్టెంబరు 29 అని ఉంది. ఏది వేయాలి?

తంతి_తీగ:
నిరభ్యంతరంగా వేసుకోండి. "సెక్షను" అనే మాటను అలాగే ఉంచండి, మేము అలాగే పలికేవాళ్లం.

ఉపదేశి:
సెప్టెంబరు 29 వేయండి. 1921లో 15వ బెనెడిక్ట్ పోపు గారు గబ్రియేలు పండుగను విశ్వశ్రీసభ క్యాలెండరులో చేర్చి, మార్చి 25న వచ్చే మంగళవార్త పండుగకు ముందురోజున నిలిపారు. 1969లో క్యాలెండరును సవరించినప్పుడు ముగ్గురు అతిదూతల పండుగలను కలిపి మిఖాయేలు గారి పాత తేదీ అయిన సెప్టెంబరు 29కి మార్చారు. మీ పుస్తకం అంతకు ముందు అచ్చయినదై ఉంటుంది. సమాచార సాధనాల దినోత్సవం పెంతెకోస్తుకు ముందు ఆదివారం వస్తుంది కనుక మీ సంచిక ఈ రెండు తేదీలలో దేనితోనూ కలవదు. పోపు గారి వార్షిక సందేశం మామూలుగా జనవరి 24న, ఫ్రాన్సిస్ ద సేల్స్ గారి పండుగనాడు విడుదలవుతుంది. ఆ తేదీని పక్క పుట వ్యాసంలో చేరిస్తే మీ ఉపాధ్యాయురాలు కూడా సంతోషిస్తారు.